ఆంటిపోలిస్‌లోని 'ల' ఎక్కడికి పోయింది?

ఫ్రాన్సులోని రెండు ఊర్ల పేర్ల దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. భాషాశాస్త్రం తెలిసినవారు దారి చూపాలి.

ఒకటి గ్రెనోబ్ల్. పాత పేరు కులారో. నాలుగో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి గ్రేషియన్ పేరు మీద గ్రాటియానోపోలిస్ అయింది. రెండోది మధ్యధరా తీరంలోని ఆంటీబ్. గ్రీకులు పెట్టిన ఆంటిపోలిస్ అనే పేరునే రోమన్లూ వాడారు.

గ్రెనోబ్ల్ సంగతి కొంత తేలింది. ఊనిక 'నో' మీద ఉంది కనుక తర్వాతి 'పో'లో అచ్చు రాలిపోయి, ప కాస్తా బ అయింది. లాటిన్ 'డుప్లుస్' ఫ్రెంచిలో 'డూబ్ల్' అయినట్టే. రెండు అచ్చుల మధ్య ఉంటే ప ఏకంగా వ దాకా వెళ్తుంది: ఒడ్డు అనే అర్థంలో 'రీపా' కాలక్రమంలో 'రీవ్' అయింది. మన గసడదవాదేశం గుర్తొచ్చి ముచ్చటేసింది.

ఆంటీబ్ దగ్గరే లెక్క కుదరడం లేదు. ఊనికలో తేడా ఉందేమో అనుకున్నాను. లేదు, ఇక్కడా అది 'పో'కు ముందున్న 'టి' మీదే. గ్రీకు మూలం కారణమా అంటే, 'పోలిస్' రెండుచోట్లా గ్రీకు మాటే. పైగా ఆ ప్రాంతపు ఆక్సిటాన్ భాషలో ఈ ఊరి పేరు చివర 'ల' రాస్తారని తెలిశాక చిక్కు మరింత ముదిరింది.

గ్రెనోబ్ల్‌లో నిలిచిన 'ల', ఫ్రెంచి ఆంటీబ్‌లో ఏ ధ్వనిసూత్రం ప్రకారం రాలిపోయింది?