మాంట్రియల్ మంచుకి ఇనుప డిస్కా, అల్లాయా? బెజవాడలో తేలని పంచాయితీ

పటమటవాసి:
మావాడు కెనడాలోని మాంట్రియల్‌లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. మొన్న సెకండ్ హ్యాండ్ కరోలా కొన్నాడు, 2020 మోడల్, 18 అంగుళాల అల్లాయ్ వీల్స్ (అల్యూమినియం మిశ్రమంతో చేసినవి). అక్కడ క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఆ టైర్లకి విడిగా ఇంకో సెట్టు వీల్స్, అదీ 16 అంగుళాల చిన్నవి, కొంటానంటాడు. ఉన్న రిమ్ములకే టైర్లు మార్పిస్తే సరిపోదా అని నేను. కొంటే ఇనుప డిస్కులే (ఇనుప రిమ్ములు) కొనమని మా బావమరిది, అల్లాయే మేలని వాడి స్నేహితులు. వీడియో కాల్ చేస్తే చాలు, కూర తిన్నావా అని అడిగేలోపే ఈ గొడవ మొదలవుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక కుర్రాడు:
రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో కూర్చుని మంచు టైర్ల మీద పంచాయితీ! ఫ్యాను స్పీడు పెంచుకుని చదువుతున్నా, కానివ్వండి.

ఆటోనగర్ డిస్కు:
ఇరవై రెండేళ్లుగా రిమ్ముల బెండు తీసే పని నాది. కళ్లు మూసుకుని ఇనుప డిస్కులు కొనమనండి. గుంటలో పడితే ఇనుము వంగుతుంది, అల్లాయ్ పగులుతుంది. వంగినదాన్ని నాలుగు దెబ్బలేసి సరిచేస్తాం. పగిలిన అల్లాయ్‌ని ఇక్కడ వెల్డింగ్ చేసి ఇస్తున్నవాళ్లున్నారు గానీ, నా కారుకైతే నేను వేసుకోను. పైగా మంచు దేశంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారట. అల్లాయ్ మీద పైపూత ఒక్కచోట లేచిందంటే ఉప్పునీళ్లు లోపలికి దూరి తెల్లగా పొక్కులొస్తాయి.

బ్రాడీపేట:
డిస్కు గారూ, నేను అమెరికాలో మంచు పడే మినియాపొలిస్‌లో పదకొండేళ్లు ఉండి గుంటూరు తిరిగొచ్చాను. మీ లెక్క ఆటోనగర్‌లో నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అక్కడ నాలుగు దెబ్బలేసేవాడు ఎక్కడ? నా డిస్కు ఒకటి వంగితే షాపువాడు సుత్తి ముట్టుకోనేలేదు. కొత్తది కొనుక్కో, కూలి కంటే అదే చవక అన్నాడు. ఉప్పు సంగతీ అంతే. ఇనుముకేమన్నా మినహాయింపా? గీత పడ్డచోటల్లా తుప్పు పడుతుంది. టైరు అంచు కూర్చునేచోట తుప్పు పేరుకుంటే వారానికోసారి గాలి కొట్టించుకుంటూ తిరగాల్సిందే. అల్లాయ్‌లో కూడా అదే చోట అదే బాధ.

ఇనుము వైపు నిలబడే వాదన ఒక్కటే, ధర. అదీ ఇదివరకంత బలంగా లేదు, శీతాకాలానికనే సాదా అల్లాయ్‌లు చవకలోనే దొరుకుతున్నాయి.

పటమట గారూ, మీ మొదటి ప్రశ్నకి మాత్రం మీవాడిదే రైటు. ఒకే రిమ్ములైతే ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించాలి, బ్యాలెన్సింగ్ (చక్రం వణక్కుండా బరువు సరిచేయడం) చేయించాలి. ప్రతిసారీ డబ్బు, ప్రతిసారీ టైరు అంచుకి ఒరిపిడి. సీజన్ మొదట్లో షాపుల ముందు క్యూ సరేసరి. రెండో సెట్టుంటే ఇంటిముందే జాకీ పెట్టి నట్లు మార్చుకోవచ్చు. మూడు నాలుగేళ్లలో రిమ్ముల ఖర్చు తిరిగొచ్చేస్తుంది.

పటమటవాసి:
అసలు ఆ టైర్లు ఏడాది పొడవునా ఉంచేస్తే?

బ్రాడీపేట:
వద్దండి. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కిందకి పోయేకొద్దీ గట్టిపడి పట్టు వదిలేస్తుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉండేట్టు చేస్తారు. ఆ మెత్తదనమే ఎండాకాలంలో శత్రువు, తారురోడ్డు మీద అరిగిపోతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు గుర్తు ఉందో లేదో చూడమనండి.

లారీ యజమాని, గొల్లపూడి:
ఇనుమా అల్లాయా అని కొట్టుకుంటున్నారు గానీ సైజు మాటెత్తరేం? వెడల్పు టైరుకే పట్టెక్కువ కదా, 18 తీసి చిన్నవి వేయడమెందుకు?

ఆటోనగర్ డిస్కు:
ఈ ఒక్క విషయంలో బ్రాడీపేట గారు నా పక్కే ఉంటారు. ఈ కారు 18 అంగుళాల రకానికి టైరు 225/40 ఆర్18, అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు. ఇదే కారు 16 అంగుళాల రకానికి 205/55 ఆర్16. రిమ్ముకి పైగోడ, కిందిగోడ కూడితే మొత్తం ఎత్తు మొదటిదానికి 637 మిల్లీమీటర్లు, రెండోదానికి 632. స్పీడోమీటరుకి తేడా తెలియదు. కానీ టైరు గోడ 90 నుంచి 113కి పెరుగుతుంది. గుంటలో పడితే దెబ్బ ఆ రబ్బరు తింటుంది, రిమ్ముదాకా రాదు. అప్పుడు నా వంగుడు, ఆయన పగులుడు రెండూ తగ్గుతాయి.

లారీ యజమాని, గొల్లపూడి:
గోడ సంగతి సరే. వెడల్పు తగ్గితే జారదా? దమ్ములో దిగే ట్రాక్టరుకి సన్న చక్రం వేస్తే కూరుకుపోతుంది.

బ్రాడీపేట:
పొలంలో బురదకి అడుగు చిక్కదు, అందుకే తేలాలి. రోడ్డు మీద కొత్తగా పడ్డ మంచుకి అడుగున తారు ఉంది, సన్న టైరు మంచుని కోసుకుని ఆ తారుదాకా దిగుతుంది. గట్టిపడ్డ నున్నటి ఐసు మీద మాత్రం సన్నదైనా పెద్దగా ఉపయోగం లేదు, అక్కడ రబ్బరు నాణ్యతే దిక్కు.

ఇంకో అనుభవం. కొత్తలో ఒకరోజు పొద్దున హైవే ఎక్కగానే స్టీరింగ్ వణికింది. బ్యాలెన్సింగ్ పోయిందని షాపుకి పరిగెత్తాను. తీరా చూస్తే రిమ్ము లోపలివైపు మంచు ఒకపక్కే గడ్డకట్టింది. గీకి పారేస్తే వణుకు పోయింది. ఇనుప డిస్కయినా అల్లాయ్ అయినా వచ్చేదే.

కృష్ణలంక కుర్రాడు:
మన కారుకి బుడమేరు బురద, వాళ్లకి ఉప్పు మంచు. కడుక్కునే బాధ ఎవరికీ తప్పట్లేదు.

ఆటోనగర్ డిస్కు:
అబ్బాయి కొనేముందు చూసుకోవాల్సినవి చెబుతా. ఆ కారుకి అయిదు బోల్టులు, అవి కూర్చునే వృత్తం 100 మిల్లీమీటర్లు, రిమ్ము మధ్య రంధ్రం 54.1. రంధ్రం పెద్దదున్న రిమ్ము అంటగడితే మధ్యలో రింగు వేయించాలి. చిన్న రిమ్ము లోపలుండే బ్రేకు కాలిపర్‌కి (బ్రేకు పట్టే భాగం) తగలకుండా తిరుగుతుందో లేదో బిగించి చూడాలి. ఉన్న నట్లే సరిపోతాయని ఆశ పెట్టుకోవద్దు. కొన్ని కంపెనీలు అల్లాయ్‌కి వాషరున్న చదును నట్లిస్తాయి, ఇనుపడిస్కుకి కోను నట్లు కావాలి. తప్పు నట్టు బిగుసుకున్నట్టే ఉంటుంది, దారిలో వదులవుతుంది. ఏ నట్లయినా వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి.

పటమటవాసి:
నిన్న రాత్రి ఇదంతా వాడికి చదివి వినిపించాను. పాత కరోలా నుంచి తీసిన 16 అంగుళాల ఇనుప డిస్కులు నాలుగు, నట్లతో సహా దొరికాయట. టైర్లు మాత్రం కొత్తవి. రెండే కొని ముందు చక్రాలకు వేస్తానన్నాడు, ఖర్చు మిగులుతుందని.

బ్రాడీపేట:
నాలుగూ కొనమనండి, అప్పు చేసైనా సరే. ముందు పట్టుండి వెనక లేకపోతే మలుపులో కారు వెనకభాగం బొంగరంలా తిరుగుతుంది.

ఆటోనగర్ డిస్కు:
చూశారా, చివరికి ఇనుపవే కొన్నాడు.

బ్రాడీపేట:
చవగ్గా దొరికాయని కొన్నాడండీ, మీ సుత్తిని చూసి కాదు.