న్యూజెర్సీలో స్కూల్ బోర్డుకు పోటీ చేయాలనుకుంటున్నాను, సలహా ఇవ్వగలరా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో, ఒకే టౌన్‌షిప్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాము. నాకు గత ఏడాది అమెరికా పౌరసత్వం వచ్చింది. మా పిల్లల్లో ఒకరు నాలుగో తరగతి, మరొకరు ఏడో తరగతి చదువుతున్నారు. ఈ సెప్టెంబరు నుంచి మా వీధికి స్కూల్ బస్సు ఆపేశారు. బోర్డు సమావేశానికి వెళ్లి, నాకిచ్చిన మూడు నిమిషాల్లో మా ఇబ్బంది చెప్పుకున్నాను. ఒక్కరూ బదులు పలకలేదు. "ధన్యవాదాలు" అని తరువాతి వారిని పిలిచారు. ఆ రాత్రి ఇంటికి వస్తూ, వచ్చే నవంబరు ఎన్నికలలో నేనే నిలబడాలని నిర్ణయించుకున్నాను. మిత్రులు తలా కొంత విరాళం వేస్తామంటున్నారు, గుడిలో నా పేరు ప్రకటింపజేస్తామని కూడా ఒకరన్నారు. అర్హతలేమిటి, ఎక్కడ మొదలుపెట్టాలి, గెలిస్తే బస్సును తిరిగి తెప్పించగలనా అన్నవి నా సందేహాలు.

జవాబు (మూడేళ్ల పదవీకాలం పూర్తి చేసిన ఒక సభ్యుడు):

ముందు అర్హతల సంగతి చెప్పేస్తాను, అది చిన్న విషయం. పద్దెనిమిదేళ్లు నిండిన పౌరులై, ఓటరుగా నమోదై ఉండి, ఆ స్కూల్ డిస్ట్రిక్టులో (అంటే బోర్డు పరిధిలోని ప్రాంతంలో) కనీసం ఏడాదిగా నివసిస్తూ ఉంటే చాలు. గ్రీన్ కార్డు సరిపోదు. బోర్డుతో కాంట్రాక్టు గాని, బోర్డు మీద దావా గాని ఉండకూడదు. టౌన్‌షిప్ మేయరుగానో కౌన్సిల్ సభ్యులుగానో ఉంటూ ఇందులో కూర్చోవడం కుదరదు. ఓటర్ల సంతకాలతో కూడిన నామినేషన్ పిటిషన్‌ను జులై చివరి సోమవారం సాయంత్రం నాలుగు గంటలలోపు కౌంటీ క్లర్క్ కార్యాలయంలో ఇవ్వాలి. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు, జీతమూ ఉండదు. గెలిచాక ముప్పై రోజులలోపు వేలిముద్రలిచ్చి నేరచరిత్ర తనిఖీ చేయించుకోవాలి, జనవరి మొదటి వారంలో జరిగే సమావేశంలో ప్రమాణం చేయాలి.

ఇక బస్సు. మీకు నిరుత్సాహం కలిగించడం నా ఉద్దేశం కాదు కాని, ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు. ఈ రాష్ట్రంలో ఎనిమిదో తరగతి వరకు ఇంటికీ బడికీ మధ్య దూరం రెండు మైళ్లు దాటితేనే, హైస్కూలు పిల్లలకు రెండున్నర మైళ్లు దాటితేనే బస్సు తప్పనిసరి. అంతకు లోపలున్న వారికి నడిపేది "కర్టసీ" బస్సు. దానికి రాష్ట్రం డబ్బివ్వదు, కాబట్టి ఉంచాలా తీసేయాలా అన్నది స్థానిక బోర్డు ఇష్టం. ఆస్తి పన్ను వసూళ్లను, కొన్ని మినహాయింపులు తప్ప, ఓటర్ల అనుమతి లేకుండా ఏడాదికి రెండు శాతానికి మించి పెంచకూడదని 2010లో చట్టం వచ్చింది. జీతాలు, ఆరోగ్య బీమా అంతకన్నా వేగంగా పెరిగిన ఏడాది, కత్తెర పడే మొదటి పద్దుల్లో ఈ బస్సు ఒకటి. మీ వీధి బస్సు సెప్టెంబరులో ఆగింది గాని, దాని తలరాత బహుశా అంతకు ముందు మార్చి, ఏప్రిల్ నెలల్లో బడ్జెట్ తయారైనప్పుడే రాసి ఉంటారు. ఏప్రిల్ చివరలో జరిగే బహిరంగ విచారణలో మా ఊళ్లో ఒకసారి ముగ్గురమే ప్రేక్షకులం, అందులో ఒకరు విలేఖరి.

మీరు గెలిచినా మీది తొమ్మిదిలో ఒక ఓటు. సభ్యుడిగా ప్రిన్సిపల్‌కు ఫోన్ చేసి "ఈ పని చేయండి" అనే అధికారం మీకు ఉండదు. అలా చేస్తే 1992 నాటి స్కూల్ ఎథిక్స్ చట్టం కింద ఫిర్యాదు రావచ్చు. సభ్యుల పని బడులను నడపడం కాదు, అవి సక్రమంగా నడుస్తున్నాయో లేదో చూడడం. ఉద్యోగిని నియమించాలన్నా సూపరింటెండెంట్ (డిస్ట్రిక్టు బడులన్నిటికీ అధికారి) సిఫారసు చేసినవారినే బోర్డు ఆమోదించగలదు. నేను మొదటి ఏడాదంతా ఇదే తెలియక సతమతమయ్యాను. కిరాణా కొట్లో ఎదురైన తల్లిదండ్రులకు "నేను చూసుకుంటాను" అని మాటిచ్చేసి, ఆ మాట నిలబెట్టుకోలేక తల దించుకున్న సందర్భాలున్నాయి. ప్రచారంలో "బస్సు తెస్తాను" అని చెప్పకండి, "బస్సు విషయమై ఓటింగ్ పెట్టమని అడుగుతాను" అని చెప్పండి. మరో నలుగురు సభ్యులను ఓపిగ్గా కూర్చోబెట్టి ఒప్పిద్దామనుకుంటారేమో, ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో మెజారిటీ సభ్యులు చర్చించి నిర్ణయానికి వస్తే 1975 నాటి బహిరంగ సమావేశాల చట్టాన్ని ఉల్లంఘించినట్టే. మాట్లాడవలసిందంతా బల్ల దగ్గర, జనం ఎదుటే మాట్లాడాలి.

జవాబు (ఒకసారి ఓడిపోయి, తరువాత ఖాళీ స్థానంలో నియమితురాలైన సభ్యురాలు):

పై వారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, మన తెలుగువాళ్లకు మాత్రమే ఎదురయ్యే చిక్కులు రెండు మూడు చెబుతాను.

పిటిషన్ మీద సంతకం పెట్టేవారు మీ డిస్ట్రిక్టులో నమోదైన ఓటర్లై ఉండాలి. నేను మొదటిసారి మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వచ్చినవారి చేతనే, ప్రసాదం పళ్లెం పక్కన కాగితం పెట్టి, సంతకాలు చేయించాను. ఇంటికి వెళ్లాక ఒక్కొక్కరినీ అడిగితే సగం మంది గ్రీన్ కార్డువారు, ఇద్దరు పక్క టౌన్‌షిప్‌వారు. మళ్లీ మొదటి నుంచి తిరగవలసి వచ్చింది. పిటిషన్ మీద రాసి ఉన్న సంఖ్యకు రెట్టింపు సంతకాలు తెచ్చుకోండి, గడువుకు వారం ముందే ఇవ్వండి.

విరాళాల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారు అమెరికాలో ఏ ఎన్నికకూ, స్కూల్ బోర్డు ఎన్నికకైనా సరే, డబ్బు ఇవ్వకూడదు. అది ఫెడరల్ చట్టం. వారి దగ్గర తెలిసి తీసుకున్నా తప్పే. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. వీసా మీద ఉన్న మిత్రులు జీతం లేకుండా కరపత్రాలు పంచవచ్చు, ఫోన్లు చేయవచ్చు. మీ మిత్రులు తలా కొంత వేస్తామన్నప్పుడు ఎవరి వీసా ఏదో అడగడానికి మొహమాటపడకండి. ప్రచారానికి విడిగా బ్యాంకు ఖాతా తెరవండి, రాష్ట్ర ఎన్నికల చట్టాల అమలు కమిషన్‌కు ఇవ్వవలసిన ఫారాలు ఖర్చు తక్కువైనా వేళకు ఇవ్వండి.

గుడిలో ప్రకటన ఆలోచన మానుకోండి. మన గుళ్లు, తెలుగు సంఘాలు చాలావరకు 501(సి)(3) సంస్థలు, అంటే పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక, సేవా సంస్థలు. అభ్యర్థికి మద్దతు ప్రకటిస్తే వాటి పన్ను మినహాయింపుకే ముప్పు. అభ్యర్థులందరినీ సమానంగా పిలిచి మాట్లాడించవచ్చు, అంతే.

ఇంకొకటి, "మన ఓట్లు చాలా ఉన్నాయి" అన్న మాట నమ్మకండి. మా వీధిలో ఇరవై రెండు తెలుగు ఇళ్లుంటే ఓటున్నవి ఆరు, వేసినవి నాలుగు. నా వైపు నిలిచింది నేను తలుపు తట్టి పరిచయం చేసుకున్న వృద్ధులు. పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లై వెళ్లిపోయినా, పన్ను కడుతున్నాం కనుక బోర్డులో ఎవరున్నారో పట్టించుకునేవారు. దీపావళి సెలవు గురించి వారితో మాట్లాడితే వినేవారు కాదు, బడి కప్పు కారుతోంది అంటే వినేవారు. (ఆ సెలవు కూడా ఊరికే రాదు. ఏడాదికి 180 బడి దినాలు తప్పవు కాబట్టి ఒకచోట ఒక రోజు తీసేస్తే, మరొకచోట కలపాలి.)

ఓడితే నిరాశపడవద్దు. సభ్యులెవరైనా మధ్యలో రాజీనామా చేస్తే 65 రోజులలోపు బోర్డే ఆ స్థానం నింపాలి; దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేను అలాగే వచ్చాను, ఎందుకంటే అప్పటికి ఏడాదిన్నరగా ప్రతి సమావేశంలోనూ రెండో వరుసలో కూర్చున్నదాన్ని నేనే.

అడిగినవారు మళ్లీ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. హెచ్-1బీ సంగతి నాకు అసలు తెలియదు, వెంటనే గ్రూపులో ఆపమని చెప్పాను. ఇంకొక సందేహం: నా భార్య ఇదే డిస్ట్రిక్టులో పారాప్రొఫెషనల్‌గా (తరగతిలో టీచరుకు సహాయకురాలిగా) పనిచేస్తోంది. నేను పోటీ చేయవచ్చా?

జవాబు (మొదటి సభ్యుడు):

చేయవచ్చు, కాని ఆమె యూనియన్ ఒప్పందం మీద చర్చలలో గాని, ఓటింగులో గాని మీరు పాల్గొనరాదు. సూపరింటెండెంట్ ఎంపిక, పనితీరు మదింపు వచ్చినప్పుడు గది బయటికి వెళ్లవలసి వస్తుంది. ప్రమాణం చేసిన ముప్పై రోజులలోపు, ఆపైన ఏటా ఏప్రిల్ 30లోగా, ఈ బంధుత్వం వెల్లడి పత్రంలో రాయాలి. ఓటర్లకు ముందే చెప్పేయండి, ప్రత్యర్థి చెప్పేదాకా ఆగవద్దు.

బస్సు కోసం మాత్రం వచ్చే నవంబరు దాకా ఆగనవసరం లేదు. కర్టసీ బస్సులు నడిపే డిస్ట్రిక్టులకు ప్రమాదకర దారుల విధానం ఒకటి ఉండాలి. వాహనాల రద్దీ, వేగం, కాలిబాటలు, మలుపులు, రైలు పట్టాలు, పెద్ద రోడ్డు దాటడం వంటివి అందులో చూస్తారు. ఆ విధానం సాధారణంగా డిస్ట్రిక్టు వెబ్‌సైటులో "పాలసీలు" అన్నచోట దొరుకుతుంది. మీ దారి ఆ లెక్కన ఎలా ఉందో రాసి బిజినెస్ అడ్మినిస్ట్రేటర్‌కు (డిస్ట్రిక్టు ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారికి) పంపండి, దాని నకలు బోర్డు సెక్రటరీకీ వెళ్లేలా చూడండి. మూడు నిమిషాల మాట మినిట్స్‌లో ఒక వాక్యమవుతుంది, ఉత్తరం మాత్రం ఫైలులో నిలుస్తుంది.

అడిగినవారు:

నిన్న ఉదయం పెద్దవాడితో కలిసి నడిచి చూశాను. మొత్తం 1.7 మైళ్లు. మధ్యలో చెరువు పక్కన దాదాపు రెండు వందల అడుగుల మేర కాలిబాట లేదు, అక్కడ వేగ పరిమితి 45 మైళ్లు. ఫోటోలతో ఉత్తరం సిద్ధం చేస్తున్నాను. పంపే ముందు ఇక్కడ పెడతాను, దయచేసి ఒకసారి చూడండి.