నాయిస్ మ్యాప్‌లో ఇల్లు 65 గీతకి బయటే ఉంది, కానీ నెత్తి మీద విమానాలు ఆగట్లేదు. కొనొచ్చా?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. మేం అమెరికాలో ఒక పెద్ద ఎయిర్‌పోర్ట్‌కి నాలుగైదు మైళ్ల దూరంలో ఇల్లు చూస్తున్నాం. బేరం ఇంకా నడుస్తోంది కాబట్టి ఊరి పేరు రాయట్లేదు. స్కూళ్లు మంచివి, ధర మాకు అందేలా ఉంది, ఇల్లు ఇద్దరికీ నచ్చింది. ఇబ్బందల్లా విమానాలే. మొన్న సాయంత్రం పెరట్లో నిలబడి ఏజెంట్‌తో మాట్లాడుతుంటే రెండు మూడు నిమిషాలకొకటి నెత్తి మీదుగా దిగుతోంది, ప్రతిసారీ మాట ఆపి అది వెళ్లేదాకా ఆగాల్సి వచ్చింది. ఇదేంటండీ అంటే ఆయన ఎయిర్‌పోర్ట్ వాళ్ల నాయిస్ మ్యాప్ తెరిచి "ఈ ఇల్లు 65 డెసిబెళ్ల గీతకి బయట ఉంది, ఇక్కడ మహా అయితే 57 వస్తుంది, ఫెడరల్ లెక్క ప్రకారం ఇళ్లకి పనికొచ్చే చోటే" అన్నాడు. అక్కడే ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూస్తే విమానం వెళ్లినప్పుడల్లా 74, 76 చూపించింది.

మాకు చంటిపాప ఉంది, నాకు అసలు టెన్షన్ రాత్రుళ్ల గురించే. ఆ 57 ఏంటి, నా ఫోన్‌లో వచ్చిన 76 ఏంటి? ఇది ఎవరు కొలుస్తారు? కొన్నాక కంప్లైంట్ చేస్తే రూటు మార్చడం, రాత్రి విమానాలు ఆపడం లాంటివి జరుగుతాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

శబ్దవేధి:

నేను చేసేది ఈ పనే అండి, హైవేలకీ ఎయిర్‌పోర్ట్‌లకీ నాయిస్ స్టడీలు. మీ ఏజెంట్ చెప్పింది అబద్ధం కాదు, మీ ఫోన్ చూపించిందీ దాదాపు కరెక్టే అయ్యుంటుంది. రెండూ వేర్వేరు లెక్కలు.

మీ యాప్ చూపించింది విమానం నెత్తి మీదకి వచ్చిన క్షణంలో పుట్టిన గరిష్ఠ శబ్దం. మ్యాప్ మీద ఉండేది డీఎన్‌ఎల్, అంటే ఏడాది మొత్తం విమానాల శబ్దాన్ని కలిపి ఒక సగటు రోజుకి, ఆ రోజులోని 24 గంటలకీ పరిచేసిన అంకె. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా వెళ్లే ప్రతి విమానానికీ 10 డెసిబెళ్లు అదనంగా కలుపుతారు, అంటే రాత్రి ఒక విమానం పగటి పది విమానాలతో సమానం. కాలిఫోర్నియాలో అయితే సాయంత్రం 7 నుంచి 10 మధ్య వాటికి కూడా కొంత బరువు వేస్తారు, అక్కడ దాని పేరు సీఎన్‌ఈఎల్.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక విమానం వచ్చి వెళ్లేంతలో చేసిన శబ్దం మొత్తాన్నీ ఒక్క సెకనులోకి కుదిస్తే వచ్చేదాన్ని ఎస్‌ఈఎల్ అంటాం. గరిష్ఠం 76 దగ్గర ఉంటే ఎస్‌ఈఎల్ సుమారు 85 ఉంటుంది. అలాంటివి పగటిపూట 100 వెళ్లాయనుకోండి, డీఎన్‌ఎల్ 55.6 వస్తుంది. ఆ వందలో 20 రాత్రిపూట వెళ్తే 60 అవుతుంది. అప్పటికీ 65 లోపే! పగటి విమానాలతోనే 65 తాకాలంటే అవే విమానాలు రోజుకి దాదాపు 870 వెళ్లాలి. డెసిబెల్ లాగరిథం లెక్క కాబట్టి సంఖ్య రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెళ్లే. అందుకే 57 అనే అంకె చూసి నెమ్మదైన చోటు అనుకోకూడదు. మన కోస్తాలో ఏడాది వానని 365 రోజులకి పంచి రోజుకి మూడు మిల్లీమీటర్లే కదా అంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది, తుఫాను రోజు ఆ సగటులో కనపడదు.

ఇక ఈ 65 ఎక్కడిది? 1979లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి, విమానాల శబ్దాన్ని కొలవడానికి దేశమంతటా ఒకే పద్ధతి పెట్టమని ఎఫ్‌ఏఏకి, అంటే విమానయానాన్ని చూసే ఫెడరల్ సంస్థకి చెప్పింది. వాళ్లు డీఎన్‌ఎల్ తీసుకున్నారు, 65 దాటితే ఇళ్లకి తగదన్నారు. అప్పట్లో దీనికి ఆధారం 1978లో షుల్ట్జ్ అనే పరిశోధకుడు పాత సర్వేలన్నీ కలిపి గీసిన వక్రరేఖ. ఆ దారిలో వేసిన లెక్క ప్రకారం 65 దగ్గర బాగా చిరాకు పడేవాళ్లు నూటికి 12 మంది. తర్వాత ఎఫ్‌ఏఏనే 20 ఎయిర్‌పోర్ట్‌ల చుట్టూ పదివేల మందికి పైగా జనాన్ని అడిగి 2021లో ఫలితాలు బయటపెట్టింది. అదే 65 దగ్గర బాగా చిరాకు పడుతున్నవాళ్లు 60 శాతం పైనే! 50 దగ్గర కూడా 15 శాతం దాటారు. 2023లో ఈ విధానం మీద జనాభిప్రాయం కూడా అడిగారు. ఇంత తెలిశాక కూడా నిధులూ నిబంధనలూ 65 చుట్టూనే తిరగడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది, ఈ పనిలో ఉండి చెప్తున్న మాట ఇది.

ఇంకోటి, ఆ మ్యాప్ మైకులు పెట్టి కొలిచి గీసింది కాదు. రాడార్ ట్రాకులు, విమానాల రకాలు, ఏ వేళ ఎన్ని వెళ్లాయి అన్నీ ఏఈడీటీ అనే ఎఫ్‌ఏఏ సాఫ్ట్‌వేర్‌లో వేసి లెక్కగడతారు. ఎయిర్‌పోర్ట్ చుట్టూ స్తంభాల మీద కనిపించే మైకులు ఉన్నాయే, అవి ఎక్కువగా సరిచూసుకోవడానికీ, కంప్లైంట్‌లకి జవాబివ్వడానికీ పనికొస్తాయి.

ఎడారిమల్లి:

శబ్దవేధి గారు చెప్పింది అక్షరాలా నిజం. రూటు మార్పు గురించి అడిగారు కదా, మా ఫీనిక్స్‌లో జరిగింది చెప్తాను. 2014 సెప్టెంబర్‌లో స్కై హార్బర్ ఎయిర్‌పోర్ట్‌కి ఎఫ్‌ఏఏ శాటిలైట్ ఆధారంగా నడిచే కొత్త రూట్లు పెట్టింది. అంతకుముందు టేకాఫ్ అయిన విమానాలు విసనకర్రలా విడిపోయేవి, కొత్త రూట్లలో అన్నీ ఒకే సన్నటి దారిలో ఒకే వీధుల మీదుగా వెళ్లడం మొదలెట్టాయి. ఊరిలో పాతకాలపు ఇళ్లున్న పేటలు నలిగిపోయాయి. సగటు లెక్కలో మాత్రం పెద్ద ప్రభావం లేదని తేల్చి, పూర్తి పర్యావరణ పరిశీలన అక్కర్లేదన్నారు. సిటీ వాళ్లతో సంప్రదించామన్నారు కానీ మాట్లాడింది ఏవియేషన్ డిపార్ట్‌మెంట్‌లో కింది స్థాయి ఉద్యోగులతో.

సిటీ, ఆ పేటలవాళ్లు కోర్టుకెళ్లారు. 2017 ఆగస్టులో డీసీ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు ఎఫ్‌ఏఏ చేసింది చెల్లదని చెప్పింది, 2018లో పడమటి వైపు రూట్లు చాలావరకు పాత దారికి వచ్చాయి. కాబట్టి రూట్లు మారవని కాదు, మారతాయి. కానీ ఒక పిట్ట కథ వినండి, చాలామందికి తెలియదు. ఇలాంటి ఆర్డర్‌ని సవాలు చేయడానికి గడువు 60 రోజులే. ఫీనిక్స్ వాళ్లు ఆ గడువు దాటాక దాదాపు ఆరు నెలలకి కేసు వేశారు. సరిచేస్తాం, చూస్తున్నాం అని ఎఫ్‌ఏఏ వాళ్లే చెప్తూ వచ్చారు కాబట్టి కోర్టు ఒప్పుకుంది. వాషింగ్టన్ జార్జ్‌టౌన్ వాళ్లు కూడా రూట్ల మీదే వెళ్లారు, గడువు దాటిందని 2018లో కొట్టేశారు. మీ ఏరియాలో రూట్ మార్పు నోటీసు వస్తే ఆ రోజే క్యాలెండర్‌లో రాసుకోండి.

రాత్రి విమానాల సంగతి ఇంకా కష్టం. 1990లో వచ్చిన చట్టం తర్వాత ఎయిర్‌పోర్ట్‌లు తమంతట తాము కర్ఫ్యూ పెట్టలేవు, ఎఫ్‌ఏఏ ఒప్పుకోవాలి. బర్బాంక్ ఏళ్ల తరబడి స్టడీ చేసి రాత్రి కర్ఫ్యూ అడిగితే 2009లో కాదన్నారు. శాన్ డియేగో, శాన్ హోసే లాంటి చోట్ల ఉన్నవి ఆ చట్టానికి ముందువి, అందుకే మిగిలాయి. మీ ఎయిర్‌పోర్ట్‌కి ఇప్పుడు కర్ఫ్యూ లేకపోతే మీ పాప కాలేజీకి వెళ్లేలోపు వస్తుందని ఆశ పెట్టుకోకండి.

వెస్ట్‌మీడ్ వాసి:

సిడ్నీ నుంచి. ఇక్కడ కూడా ఇదే గొడవ జరిగింది. 1994లో మూడో రన్‌వే తెరిచాక, మ్యాప్ గీతలకి బయట ఉన్న జనం వేల సంఖ్యలో రోడ్డెక్కారు, ఎందుకంటే వాళ్లకి చూపించిన ఏఎన్‌ఈఎఫ్ మ్యాప్ కూడా సగటు లెక్కే. ఆ ఒత్తిడికే 1995లో కర్ఫ్యూ చట్టం వచ్చింది, రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా, కొన్ని మినహాయింపులతో. 1997లో గంటకి 80 రాకపోకలు మించకూడదని ఇంకో చట్టం.

నాకు అన్నిటికంటే నచ్చింది ఎన్70 అనే కొలత. మీ ఇంటి మీద రోజుకి 70 డెసిబెళ్లు దాటిన విమానాలు ఎన్ని వెళ్తాయి అన్నదే ఆ అంకె. కిటికీ తెరిచి ఉంటే బయట 70 అన్నది ఇంట్లో 60 అవుతుంది, అక్కడ మాట ఆగిపోతుంది, టీవీ వినపడదు. సామాన్యుడికి వెంటనే అర్థమయ్యే లెక్క. అలా అని ఇక్కడ అంతా బాగుందని కాదు. కొత్తగా కట్టిన వెస్టర్న్ సిడ్నీ ఎయిర్‌పోర్ట్‌కి కర్ఫ్యూ లేదు, 24 గంటలూ నడిచేలా కట్టారు. అటువైపు ఇల్లు కొనే మనవాళ్లు ఈ సంగతి చూసుకోండి.

గోదారిగట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. శబ్దవేధి గారూ, రెండు డౌట్లు. ఫోన్ యాప్ రీడింగులు కంప్లైంట్‌కి పనికొస్తాయా? సౌండ్‌ప్రూఫ్ కిటికీలు గవర్నమెంట్ వేయిస్తుందని ఎవరో అన్నారు, మాకు వస్తాయా?

బేగంపేట పాతకాపు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకు తమ్ముడూ. హైదరాబాద్‌లో 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కి తరలిపోయే దాకా మేం బేగంపేట పక్కనే ఉన్నాం. నువ్వు చెప్పిన 74, 76 మాకు మామూలు విషయం, కానీ ఆ రోజుల్లో ఎయిర్‌పోర్ట్ శబ్దానికంటూ ప్రత్యేక ప్రమాణమే లేదు. ఢిల్లీలో 2008లోనే మూడో రన్‌వే తెరిచాక వసంత్ కుంజ్ వైపు జనం కేసులు వేస్తే అది గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. చివరికి 2018 జూన్‌లో కేంద్రం ప్రమాణాలు ఇచ్చింది. ఏడాదికి 50 వేల రాకపోకలు దాటే ఎయిర్‌పోర్ట్‌ల నాయిస్ జోన్‌లో పగలు 70, రాత్రి 65. మిగతా వాటికి 65, 60. ఇవి కూడా సగటు లెక్కలే. 2000 నాటి రూల్స్ ప్రకారం మామూలు కాలనీకి పగలు 55, రాత్రి 45 దాటకూడదు. ఎయిర్‌పోర్ట్ పక్కన అదే మనిషి, అదే నిద్ర, రాత్రిపూట 20 డెసిబెళ్లు ఎక్కువ భరించాలి. డెసిబెళ్లలో 20 అంటే వంద రెట్ల శక్తి! అక్కడ మీకు కనీసం మ్యాప్ చూసి బేరమాడే వీలుంది. ఇక్కడ ఫ్లాట్ కొనేటప్పుడు బిల్డర్ బ్రోషర్‌లో "ఎయిర్‌పోర్ట్‌కి 15 నిమిషాలు" అని గొప్పగా వేస్తాడు, నాయిస్ జోన్ మ్యాప్ చూపించమని అడిగే కొనుగోలుదారు నాకైతే కనపడలేదు. అడగాలి.

శబ్దవేధి:

పాతకాపు గారు బాగా చెప్పారు.

గోదారిగట్టు గారూ, ఫోన్ యాప్ క్యాలిబ్రేట్ చేసింది కాదు కాబట్టి అధికారికంగా చెల్లదు. కంప్లైంట్‌లో రాయాల్సింది తేదీ, టైము, విమానం ఎటు నుంచి ఎటు వెళ్లింది, ఈ మూడే. చాలా ఎయిర్‌పోర్ట్‌ల సైట్లలో విమానాల ట్రాకులు చూపించే పేజీ ఉంటుంది, దాంట్లో ఆ విమానం మీద నొక్కితే రకం, ఎత్తు వచ్చేస్తాయి.

కిటికీల విషయంలో ఆశ పెట్టుకోవద్దు. ఫెడరల్ డబ్బుతో సౌండ్ ఇన్సులేషన్ రావాలంటే ఇల్లు 65 గీత లోపల ఉండాలి, పైగా తలుపులూ కిటికీలూ మూసినప్పుడు లోపలి సగటు 45 లేదా పైన ఉండాలి. 57లో ఉన్న ఇంటికి ఆ ఖర్చు మీదే, కాబట్టి పడకగదుల కిటికీలకి ఎంతవుతుందో కొటేషన్ తీసుకుని బేరంలో ఆ మొత్తం తగ్గించమని అడగండి.

సంతకం పెట్టేలోపు నేనైతే ఇవి చూస్తాను. గాలి ఎటు వీస్తే విమానాలు దానికి ఎదురుగా దిగుతాయి, కాబట్టి ఆ ఇంటి మీద ల్యాండింగ్ ఏడాదిలో ఎంత శాతం ఉంటుందో ఎయిర్‌పోర్ట్ నాయిస్ ఆఫీసుని అడగండి, చెప్తారు. 57 అన్నది ఏడాది సగటు. ఆ వైపు దిగేది ఏడాదిలో మూడోవంతు రోజులే అనుకోండి, ఆ రోజుల్లో అసలు అంకె 60 దాటి ఉంటుంది, మిగతా రోజులు ప్రశాంతంగా ఉంటాయి. కొందరికి అది నయం, కొందరికి కాదు. ఒకసారి గాలి తిరిగిన రోజు, ఒకసారి రాత్రి 11 తర్వాత వెళ్లి ఇంటి ముందు కారు ఆపి కూర్చోండి. కార్గో విమానాలు ఉన్న ఎయిర్‌పోర్ట్ అయితే తెల్లవారుజామున కూడా వెళ్లాలి.

టైటిల్ రిపోర్ట్‌లో, అంటే ఇంటి హక్కుల రికార్డులో, ఎవిగేషన్ ఈజ్‌మెంట్ ఉందేమో మీ టైటిల్ కంపెనీని సూటిగా అడగండి. పాత ఓనర్ ఎప్పుడో కిటికీల కోసమో, డెవలపర్ పర్మిషన్ కోసమో అది రాసిచ్చి ఉంటే, మీ ఇంటి మీదుగా విమానాలు వెళ్లే హక్కు ఎయిర్‌పోర్ట్‌కి రాసిచ్చినట్టే, శబ్దం మీద తర్వాత కేసు వేయడం చాలా కష్టం. కాలిఫోర్నియాలో అయితే ఇల్లు ఎయిర్‌పోర్ట్ ప్రభావ పరిధిలో ఉంటే అమ్మేవాళ్లు రాతపూర్వకంగా చెప్పి తీరాలి. రవాణా శాఖ వాళ్ల నేషనల్ నాయిస్ మ్యాప్ కూడా ఒకటుంది, 45 దాకా చూపిస్తుంది, కానీ దాంట్లో రాత్రికి అదనపు బరువు వేయరు, అందుకని ఎయిర్‌పోర్ట్ మ్యాప్ అంకెతో పోల్చకండి.

ఆఖరుగా, ఏజెంట్ చూపించిన మ్యాప్ మీద సంవత్సరం చూడండి. ఎయిర్‌పోర్ట్‌లు ఎఫ్‌ఏఏకి ఇచ్చే మ్యాప్‌లు రెండుంటాయి, ఒకటి ఇప్పటి పరిస్థితికి, ఇంకోటి కనీసం ఐదేళ్ల తర్వాతి అంచనాకి. మీకు కావాల్సింది రెండోది.

గోదారిగట్టు:

ఇప్పుడే చూశాను, ఆయన చూపించింది ఎనిమిదేళ్ల కిందటిది. నాయిస్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను, టైటిల్ రిపోర్ట్ అడిగాను. గాలి తిరిగే రోజు చూసుకుని రాత్రి వెళ్లొస్తాం, ఏం తెలిసిందో ఇక్కడే రాస్తాను.