మహాబలేశ్వరంలో కురిసే వాన హార్సిలీ హిల్స్‌లో ఎందుకు కురవదు?

పిల్లకాలువ
కృష్ణ పుట్టే మహాబలేశ్వరంలో ఏడాదికి 5,500–6,000 మి.మీ. వాన పడుతుంది. తూర్పున సుమారు 30 కి.మీ. దూరంలోని వాయిలో 700–800 దాటదు. కొండ ఎత్తే కారణం అనుకుందామంటే మహాబలేశ్వరం సుమారు 1,350 మీటర్లు, మన హార్సిలీ హిల్స్ 1,265. ఎత్తులో పెద్ద తేడా లేదు, వానలో మాత్రం పోలికే లేదు. 2,200 మీటర్లు దాటిన ఊటీకి 1,200 మి.మీ. దగ్గరే సరి. ఎత్తు కాకపోతే మరేమిటి?

850_మిల్లీబార్లు
కొండ ఎంత ఎత్తు అన్నదాని కన్నా గాలికి ఏ వైపు ఉంది, ఎంత నిటారుగా ఉంది, ఎంత పొడవునా అడ్డం పడింది అన్నవే ముఖ్యం. నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా ఆవిరిని మోసుకొస్తుంది. పడమటి కనుమలు వందల కిలోమీటర్లు బారుగా ఉండటంతో పక్కకు తప్పుకోలేక పైకెక్కుతుంది. పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచించి చల్లబడుతుంది: మబ్బు పట్టేదాకా కిలోమీటరుకు 10 డిగ్రీల చొప్పున, పట్టాక అందులో సగం. ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి వదులుతుంది గనక ఆ తగ్గుదల.

ముతక లెక్క చూడండి. కిలోమీటరు మందం గాలిపొర సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తోంది. ఎక్కే దారిలో కిలో గాలి నుంచి 2 గ్రాముల ఆవిరి నీరైందనుకుందాం. మీటరు వెడల్పుకు సెకనుకు 23 కిలోల నీరు. అది 20 కి.మీ. వాలు మీద పరుచుకుంటే గంటకు 4 మి.మీ., ఆగకుండా కురిస్తే రోజుకు దాదాపు 100. కొంత నీరు గాలితో ముందుకు కొట్టుకుపోతుంది, అది వేరే సంగతి. గాలి వేగం రెట్టింపైతే వానా రెట్టింపు. తీరం వెంట ద్రోణి ఏర్పడితే ఇంకా ఎక్కువ.

శిఖరం దాటిన గాలి కిందికి దిగుతూ వేడెక్కుతుంది, మబ్బు ఆవిరైపోతుంది. వాయి కరువు అదే. హార్సిలీ హిల్స్‌కు చేరేది అప్పటికే పిండేసిన గాలి. పైగా అది విడి కొండ, గాలి చుట్టూ తిరిగి పోతుంది. ఊటీ కూడా నీలగిరుల పడమటి అంచుకు వెనకే ఉంది. అదే కొండల్లో గాలివాటు వైపున్న అవలాంచిలో 2019 ఆగస్టులో ఒక్క రోజే 800 మి.మీ. పైగా పడింది.

గాలివాలు
ఇంకో మాట. ఊరు కొండెక్కి ఉండనవసరం లేదు. కొలంబియాలోని కిబ్దో సముద్రమట్టానికి 50 మీటర్లైనా లేదు, అయినా ఏడాదికి 7,000 మి.మీ. పైమాటే. పసిఫిక్ నుంచి వచ్చే తడిగాలి వెనకనున్న ఆండీస్‌కు తగిలి, నిలిచి, ముందే పోగుపడి పైకి లేస్తుంది. మనకు నాలుగు నెలల సంబరం, అక్కడ పన్నెండు నెలలూ అంతే. కామెరూన్ పర్వతం పాదాన తీరం మీదున్న డెబుంద్‌షా ఊరిదీ ఇదే కథ.

గేజ్_సీసా
"వానలో ప్రపంచంలో మొదటి స్థానం మాదే" అనే పట్టికలు చూసే ముందు కొలత ఎలా తీశారో కనుక్కోండి. మన దగ్గర ఉదయం 8:30కి తీసే కొలత గడిచిన 24 గంటలది. వానమాపకంలో 200 చ.సెం.మీ. గరాటు కింద 4 లీటర్ల సీసా పెడితే 200 మి.మీ.కే నిండి పొర్లుతుంది. ఇలాంటి ఊళ్ళలో 10 లీటర్ల సీసా కావాలి, అదీ 500 వరకే. లేదా మధ్యలో ఒకసారి తీసి రాసి కలపాలి. ఈదురుగాలికి చినుకులు గరాటు పక్కకు పోయి కొలత తగ్గుతుంది. చెట్టో గోడో ఉంటే మాపకానికి తన ఎత్తుకు రెండింతల దూరంలోనైనా ఉండాలి.

పిల్లకాలువ
అర్థమైంది, థ్యాంక్స్. మరి మహాబలేశ్వరంలో కుండపోత అని వార్త రాగానే శ్రీశైలం నిండుతుందని ఆశపడవచ్చా?

850_మిల్లీబార్లు
వెంటనే కాదు. ఆ నీరు ముందు ధోమ్, కొయినా లాంటి జలాశయాల్లో ఆగుతుంది. కొయినా ఒక్కటే 105 టీఎంసీలు. తర్వాత ఆలమట్టి 123, ఆపైన నారాయణపూర్, జూరాల. కాబట్టి మహాబలేశ్వరం వాన కాదు, ఆలమట్టి నుంచి వదిలే క్యూసెక్కులు చూడండి.