రికార్డు ప్లేట్ల కొలాజ్: నల్ల ముక్కలు ఊడుతున్నయ్, కవర్లు ఉబ్బుతున్నయ్

పాలమూరు_బొమ్మలు
తుక్కు దుకాణంల పాత గ్రామఫోన్ పాటల రికార్డుల కట్ట దొరికింది, సగం పగిలినవే. 18×24 అంగుళాల ప్లైవుడ్ మీద కవర్లు అతికిచ్చి, వాటి మీద నల్ల ముక్కలు పెడుతున్న. వడ్రంగి వాడే తెల్ల జిగురే పెట్టిన. తెల్లారేసరికి ముక్కలు రాలుతున్నయ్, కవరు బుడగలు లేస్తున్నది. కత్తెర పెడితే కొన్ని వంగుతున్నయ్, కొన్ని ఫటుక్కున పలుగుతున్నయ్. ఎందుకిట్ల?

లక్కప్లేటు
నీ కట్టల రెండు జాతులున్నయ్ తమ్మీ, ముందుగాల వేరు చెయ్యి. గోటితోని అంచు మీద కొట్టు. ఠంగుమంటే లక్కది, చప్పగ టప్పుమంటే ప్లాస్టిక్కు.

లక్కది 78 స్పీడు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఎక్కువగ 10 అంగుళాలుంటది. లక్కల రాతిపొడి, మసి కలిపి ఒత్తుతరు, అందుకే వంగదు. దాన్ని కోయకు, రాతిపొడి రంపం పళ్లు తినేస్తది. పాత తువ్వాలల చుట్టి చెక్కతోని మెల్లగ కొట్టు, వచ్చిన ముక్కల అంచులు పట్టకారుతోని కొంచెం కొంచెం తుంచు. మూతికి మాస్కు కట్టుకో.

12 అంగుళాల ఎల్పీ, అంటే ఎక్కువసేపు పాడే రికార్డు, పీవీసీ అనే ప్లాస్టిక్కుది. పొయ్యి దించిన నీళ్లు, ఆవిరి వస్తుండాలె గానీ మసలొద్దు, అండ్ల నిమిషం ముంచి కత్తెర పెట్టు. పది సెకన్లల మళ్ల బిగుసుకుంటది, మళ్ల ముంచు. వంకర పోయిన ముక్క వేడి మీదనే రెండు షాబాదు బండల నడుమ పెట్టు. కాల్చిన సూదితోనో సోల్డరింగ్ ఐరన్‌తోనో మాత్రం కోయకు, పీవీసీ కాలితే వచ్చేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగ.

తెల్ల జిగురు ఆరాలంటే అండ్లున్న నీళ్లు పోవాలె. ప్లాస్టిక్కు, లక్క రెండూ నీళ్లు పీల్చవు, పట్టు దొరకదు. వెనుక భాగం 120 నంబరు ఉప్పుకాగితంతోని గీకి, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు పెట్టు. 24 గంటలు బోర్డు నిలబెట్టకు, ముక్క జారుతది.

చిత్తుకాగితం
కవరు సంగతి నేను చెప్తాను. కాగితం తడి తగిలితే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మీరు సాగకముందే అతికిస్తున్నారు, అది బోర్డు మీద సాగి ఉబ్బుతోంది. జిగురు 3 వంతులు, నీళ్లు 1 వంతు కలపండి. ఒక ఎల్పీ కవరు ముఖానికి రెండు మూడు టీస్పూన్లు చాలు. వెనక పూసి నాలుగు నిమిషాలు వదిలేయండి, సాగేదంతా అక్కడే సాగుతుంది. తర్వాత నడుమ నుంచి అంచులకు పాత ఏటీఎం కార్డుతో తోయండి. పైన బటర్ పేపర్, దాని మీద బరువు, రాత్రంతా.

కవరు అట్ట మందంగా ఉంటే వెనక తడిపి, బొటనవేలితో పొరలు ఒలిచేయండి. పైన ప్లాస్టిక్ పొర ఉన్న కవర్ల మీద ఇంకో కాగితం పెట్టాలంటే 400 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. బోర్డు వెనక వైపు కూడా ఒక తెల్ల కాగితం అతికించండి. అది లేకపోతే ముందువైపు లాగుడుకు పలుచని ప్లై విల్లులా వంగుతుంది. చాలామంది వదిలేసే పని ఇదే.

మిద్దెమీది_సూర్యుడు
దుమ్ము పోవాలంటే అతికించేముందు స్పిరిట్‌తో తుడిస్తే సరి.

లక్కప్లేటు
ఎల్పీకి సరే గానీ లక్కదానికి స్పిరిట్ ఒద్దే ఒద్దు. లక్క స్పిరిట్ల కరుగుతది, గాట్లు చెరిగిపోయి మసి కాగితం మీద పారుతది. చెక్కకు పెట్టే ఫ్రెంచ్ పాలిష్‌ల కూడ స్పిరిటే ఉంటది, అదీ ఒద్దు. సబ్బునీళ్ల గుడ్డతోని తుడిచి, వెంటనే ఆరబెట్టు. పైపూతకు నీళ్లల్ల కలిసే అక్రిలిక్ వార్నిష్ వాడు. అయిపోయిన బోర్డు మే నెలల రేకుల షెడ్డుల పెట్టకు, ఎల్పీ ముక్కలు వాటంతటవే వంగుతయ్.

పాలమూరు_బొమ్మలు
నడుమ లేబుల్ నానబెట్టి ఒలుచుకోవచ్చునా అన్నా? కుక్క బొమ్మది ఒకటి మంచిగున్నది.

చిత్తుకాగితం
రాదు. రికార్డు ఒత్తేటప్పుడే లేబుల్ కూడా అచ్చులో పెడతారు, అక్కడ జిగురే ఉండదు. నానబెడితే పైన ముద్రించిన పొర లేచి తునకలవుతుంది. స్కాన్ చేసి లేజర్ ప్రింట్ తీయించండి, ఇంక్‌జెట్ అయితే జిగురు తడికి రంగు కారుతుంది.