కీమోకు బదులుగా లక్ష్మణ ఫలం కషాయం ఇవ్వవచ్చా?

తెనాలి నుంచి ఒక కూతురు:

మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ రెండవ దశలో బయటపడగా ఆపరేషన్ చేసి, ఆ తరువాత ఆరు విడతల కీమోథెరపీ అవసరమని చెప్పారు. రెండు విడతలు పూర్తయ్యేసరికి జుట్టంతా ఊడిపోయింది. నోరు పూసి మంచినీళ్లు మింగడం కూడా కష్టమైపోయింది. అది చూసి తట్టుకోలేక మా అన్నయ్య, "ఈ విషం ఇక చాలు" అని, బంధువుల తోటలోంచి లక్ష్మణ ఫలం ఆకులు తెప్పించి రోజూ రెండు పూటలా కషాయం కాచి ఇస్తున్నాడు. మూడవ విడత వచ్చే సోమవారం. వెళ్లనవసరం లేదని అన్నయ్య, వెళ్లి తీరాలని నేను పట్టుబడుతుంటే, అమ్మ ఎవరి మాటా కాదనలేక మౌనంగా ఉంటోంది. ప్రకృతి వైద్యాన్ని నమ్మేవారూ నమ్మనివారూ దయచేసి కారణాలతో సహా చెప్పండి.

కరీంనగర్ నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు:

అమ్మా, మీ అన్నయ్యను మూర్ఖుడని ఎవరూ అనకముందే నా మాట వినండి. నా భార్యకు వ్యాధి బాగా ముదిరాక తెలిసింది. చివరి రెండు నెలలూ ఆమె ఆసుపత్రి మంచం మీదే గడిపింది. ఆమెకు ఏం కావాలో అక్కడ ఒక్కరూ అడగలేదు. మా ఊరి నాటు వైద్యుడు మాత్రం పక్కన కూర్చుని నాడి చూసి, ఏం తింటోందో, నిద్ర పడుతోందో లేదో కనుక్కున్నాడు. బిళ్ళగన్నేరు మొక్క నుంచే క్యాన్సర్ మందు తీశారని పాఠ్యపుస్తకాలలోనే ఉంది కదా. అలాంటప్పుడు ఆకును నమ్మినవాడిది అజ్ఞానం ఎలా అవుతుంది?

విశాఖపట్నం నుంచి ఫార్మకాలజీ అధ్యాపకురాలు:

మాస్టారూ, బిళ్ళగన్నేరు గురించి మీరు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకును మధుమేహానికి పనికొస్తుందేమోనని పరీక్షించారు. చక్కెర తగ్గలేదు కానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ ఆధారం పట్టుకుని విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును వేరుచేశారు. దాని జతగా చెప్పుకునే విన్‌క్రిస్టిన్ కూడా ఆ మొక్కలోనిదే. అయితే ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి, పెద్దవారికి ఒకసారి ఇచ్చే మోతాదు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటదు. అంతకు మించితే నరాలు దెబ్బతింటాయి. గుప్పెడు ఆకు నీళ్లలో మరిగించినప్పుడు అందులోకి ఎంత దిగిందో కాచినవారికి తెలియదు, తాగినవారికీ తెలియదు.

రొమ్ము క్యాన్సర్‌కు తరచుగా వాడే పాక్లిటాక్సెల్ కూడా అమెరికా పసిఫిక్ తీరపు యూ చెట్టు బెరడులో దొరికినదే. 1962లో బెరడు సేకరిస్తే, 1971లో మన్సుఖ్ వానీ, మన్రో వాల్ దాని నిర్మాణాన్ని వెల్లడించారు. మందుగా అనుమతి దక్కింది 1992లో. అంటే, చెల్లెమ్మా, మీ అన్నయ్య విషమంటున్న ఆ సెలైన్ సీసాలో ఉన్నది కూడా చెట్టు సరుకే అయి ఉండవచ్చు. దాని వెనుక ముప్పై ఏళ్ల కొలతలు ఉన్నాయి.

లక్ష్మణ ఫలంలోని అసిటోజెనిన్లు అనే రసాయనాలు ప్రయోగశాల గాజు పాత్రలో క్యాన్సర్ కణాలను చంపిన మాట వాస్తవమే. మనుషులలో క్యాన్సర్‌ను నయం చేసినట్టు మాత్రం రుజువు లేదు. పైగా కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండునూ ఆకు కషాయాన్నీ అలవాటుగా తీసుకునేవారిలో, మామూలు మందులకు లొంగని పార్కిన్సన్ (కదలికలు మందగించే నరాల జబ్బు) తరహా జబ్బు కనిపిస్తోందని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వైద్యులు రాశారు. కీమో నడుస్తుండగా తాగితే ఇంకో చిక్కు ఉంది: కొన్ని మూలికలు కాలేయం మందును విరిచే వేగాన్ని మార్చేస్తాయి. కాంప్టోథెకా చెట్టు మూలంగా వచ్చిన ఇరినోటెకాన్ అనే క్యాన్సర్ మందు బలాన్ని సెయింట్ జాన్స్ వర్ట్ అనే మరో మొక్క తగ్గించేస్తుంది. కాబట్టి ఇప్పటిదాకా ఏమేమి తాగించారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఇక బదులుగా ఇవ్వడం గురించి. అమెరికాలో, ఒంట్లో వేరే భాగాలకు ఇంకా పాకని క్యాన్సర్లకు ఆసుపత్రి వైద్యం వద్దని, ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్న 281 మందిని, వైద్యం తీసుకున్నవారితో పోల్చి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొత్తం మీద మరణ ముప్పు రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో అయిదు రెట్లకు పైగా ఎక్కువ అని తేలింది. మీ అమ్మగారిది నయమయ్యే అవకాశం బలంగా ఉన్న దశ. నన్ను కలవరపెడుతున్నది అదే.

మహబూబ్‌నగర్ నుంచి ఒక సభ్యుడు:

మా పిన్ని విషయంలో అయిదు నెలలు కషాయాలతోనే గడిపేశాం. రొమ్ములో ఉన్న గడ్డ ఆ లోపల కాలేయానికి పాకింది. నిజం చెప్పాలంటే మాకు ఆకు మీద అంత నమ్మకమేమీ లేదు, ఖర్చుకు భయపడ్డాం. ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యం జరుగుతుందనీ, హైదరాబాదులో ఎమ్‌ఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉందనీ మాకు చెప్పినవారే లేరు. మీ ఇంట్లోనూ అడగని భయం ఏదైనా ఉందేమో కనుక్కోండి.

కరీంనగర్ నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు:

లెక్కలు చూశాక ఈ తల్లి విషయంలో కీమో మానవద్దనే నేనూ అంటున్నాను. నా భార్య గురించి రాసిన మాటను మాత్రం వెనక్కి తీసుకోను. నయం కాదని తేలిన మనిషికి నొప్పి తెలియకుండా చూడటం, ఇంట్లో ఉండనివ్వడం కూడా వైద్యమే. అది అందనప్పుడు జనం ఎవరు పలకరిస్తే వారి వెంట వెళతారు.

విశాఖపట్నం నుంచి ఫార్మకాలజీ అధ్యాపకురాలు:

ఆ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను మాస్టారూ. చెల్లెమ్మా, నోటి పూతకు పుక్కిలించే మందులున్నాయి, అవసరమైతే కీమో మోతాదూ సర్దుతారు. సోమవారం ముందుగా అదే అడగండి. ఈలోగా జ్వరం వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

తెనాలి నుంచి ఒక కూతురు:

ఇవన్నీ రాత్రి అన్నయ్యకు చదివి వినిపించాను. బిళ్ళగన్నేరు సంగతి దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. మిగిలిన ఆకులను ఒక సంచిలో పెట్టి, డాక్టరుకు చూపిస్తానని తానే చెప్పాడు. అప్పుడు అమ్మ మొదటిసారి నోరు విప్పింది. మింగుడు పడేలా ఏదైనా చేస్తామంటే మిగతా నాలుగు విడతలకూ వస్తానని చెప్పింది. ఆ మాట ఇన్నాళ్లూ మేమిద్దరం ఆమెను అడగనే లేదు.