లావు అవ్వడం నోటి తప్పా, ఒంట్లో హార్మోన్ల పనా?

సూర్యకళ:
మొన్న పెళ్లిలో మా చెల్లి విస్తట్లో రెండో బూరె వేయించుకుంటే మా పెద్దమ్మ అందరి ముందూ "నోరు కట్టుకోవే, ఎవరు చేసుకుంటారు నిన్ను" అనేసింది, ఆ పిల్ల సగంలో లేచి చెయ్యి కడిగేసుకుంది. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే సైంటిస్ట్ 1994లో లెప్టిన్ అనే హార్మోన్ జీన్ కనిపెట్టాడు, కొవ్వు కణాలే ఆ హార్మోన్ వదిలి నిల్వ ఎంతుందో మెదడుకి చెప్తాయట. అంటే ఆకలి చాలావరకు మన చేతిలో లేదనే నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

శ్రీను_తెనాలి:
నేను కాదంటానండి. మా తాతల కాలంలోనూ ఇవే జీన్స్, ఇదే లెప్టిన్. అప్పుడు ఊళ్లో లావుపాటి మనుషుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు పొలానికి మెషీన్, బడికి ఆటో, రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డర్. హార్మోన్ మీదకి నెట్టేస్తే ఇక ఎవరూ ప్రయత్నమే చెయ్యరు. నేను రాత్రి అన్నం మానేసి 11 కిలోలు తగ్గా.

మాధవి_బయోకెమ్:
శ్రీను గారూ, తిండి మారిందన్నది నిజం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ అదే తిండి తిని ఒకే ఇంట్లో అన్న బక్కగా తమ్ముడు లావుగా ఎందుకుంటారు? ఫ్రీడ్‌మన్ కంటే ముందే అమెరికాలో మెయిన్ రాష్ట్రం జాక్సన్ ల్యాబ్‌లో డగ్లస్ కోల్‌మన్ ఒక మామూలు ఎలుకనీ, పుట్టుకతోనే లావయ్యే, డయాబెటిస్ వచ్చే రకం ఎలుకనీ పక్కపక్కన కలిపి కుట్టి, ఒకదాని రక్తం ఇంకోదానికి పారేలా చేశాడు. మామూలు ఎలుక తిండి మానేసి చచ్చిపోయింది, లావుది మాత్రం తింటూనే ఉంది. అంటే లావు ఎలుక రక్తంలో "ఇక చాలు" అనే కబురు దండిగా ఉంది, దాని మెదడుకే అది వినపడట్లేదు. ఆ కబురే తర్వాత దొరికిన లెప్టిన్.

మనుషుల సంగతి కూడా చెప్తా. 1997లో కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఓరాహిలీ, సదాఫ్ ఫారూఖీ వాళ్ల టీమ్ పాకిస్తానీ మూలాలున్న కుటుంబంలో ఇద్దరు పిల్లల్ని చూసింది, లెప్టిన్ జీన్ రెండు కాపీలూ పాడైనవాళ్లు (దగ్గర సంబంధాల పెళ్లిళ్లు, మన మేనరికాల్లాంటివే). ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు. ఎంత పెట్టినా ఆకలే. రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. అంతవరకూ ఆ పసిదాన్ని ఎవరైనా నోరు కట్టుకోమని తిడితే ఏం న్యాయం?

రమేష్_వరంగల్:
మరి గట్లయితే అందరికీ అదే సూది ఇయ్యొచ్చు గద మేడం? ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీ 2 కోట్ల డాలర్లు పెట్టి లెప్టిన్ లైసెన్స్ తీస్కున్నది, మామూలుగ లావున్నోళ్ల మీద అది పెద్దగ పని జెయ్యలే. ఇద్దరు పిల్లల ముచ్చట వట్టుకొని కోట్ల మందికి చెప్పుడు నాకైతే కరెక్ట్ అనిపిస్తలేదు.

మాధవి_బయోకెమ్:
మంచి ప్రశ్న రమేష్ గారూ. ఆ పిల్లల కేసు చాలా అరుదు, ఒప్పుకుంటా. లావుగా ఉన్నవాళ్లలో చాలామందికి లెప్టిన్ ఎక్కువే ఉంటుంది, ఇంకా పోస్తే మెదడు పట్టించుకోదు. కానీ లెప్టిన్ తగ్గిందా, కరువొచ్చిందనుకుని మెదడు వెంటనే ఆకలి పెంచుతుంది. 2011లో మెల్‌బోర్న్ వాళ్లు 50 మందికి పది వారాలు బాగా తక్కువ కేలరీల తిండి పెట్టారు. ఏడాది తర్వాత కూడా వాళ్ల లెప్టిన్ మొదటికంటే తక్కువే, పొట్టలోంచి వచ్చే ఆకలి హార్మోన్ గ్రెలిన్ ఎక్కువే. ఇప్పుడు బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ మందు కూడా అంతే, ట్రయల్‌లో అది ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు వెనక్కొచ్చేసింది. ఒళ్లు తన పాత బరువు కోసం పోట్లాడుతుంది. శ్రీను గారూ, మీరు తగ్గి ఎన్నాళ్లయింది?

శ్రీను_తెనాలి:
ఏడు నెలలండి. ఆకలి పెరిగిన మాట నిజమే, రాత్రి పది దాటితే నిద్ర పట్టదు, ఇన్నాళ్లూ అది నా బలహీనతే అనుకున్నా. అయినా బడి గేటు ముందు కూల్‌డ్రింకులు, చిప్స్ అమ్మే కొట్లని వదిలేసి హార్మోన్ల గురించే మాట్లాడితే లాభం లేదు, ఆ మాట మీద మాత్రం ఉన్నా. సూర్యకళ గారూ, మీ పెద్దమ్మ అలా అనకూడదు.

సూర్యకళ:
చెల్లి పక్కనే కూర్చుని మొత్తం చదివింది. రాత్రి ఆకలేస్తే మీరేం చేస్తున్నారో అడగమంటోంది శ్రీను గారూ.